ఆరో తరగతిలో డ్రాయింగ్ పీరియడ్ ఎక్కడుంది? విద్యాశాఖ మంత్రి గారికి ఒక తండ్రి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారం.

మాది విజయవాడ. నేను ఒక ప్రింటింగ్ ప్రెస్‌లో డీటీపీ పని చేస్తాను. మా చిన్నోడు ఐదో తరగతి. వాడి బడి ఐదు వరకే కాబట్టి జూన్‌లో ఆరో తరగతికి ఇంకో చోట చేర్చాలి. జనవరి నుంచి నేనూ మా ఆవిడా సెలవు దొరికినప్పుడల్లా బడుల చుట్టూ తిరుగుతున్నాం. ఇప్పటికి తొమ్మిది చూశాం.

మా వాడికి పన్నెండో ఎక్కం దాటితే తడబాటు. నోట్సు అందరికంటే ఆలస్యంగా రాస్తాడు. పోయిన దసరా సెలవుల్లో కొండపల్లి తీసుకెళ్తే, ఒక పెద్దాయన బొమ్మలు చేస్తున్న అరుగు దగ్గర గంటన్నర కదలకుండా కూర్చున్నాడు. తెల్లపొణికి చెక్కతో ఎద్దును చెక్కి, కాళ్లూ కొమ్ములూ విడిగా చేసి, చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికిస్తారని అక్కడే తెలుసుకున్నాడు. ఇంటికొచ్చి వాళ్లమ్మ చేత చింతగింజలు వేయించి పొడి కొట్టించాడు. సందు చివర కార్పెంటర్ దగ్గర పొట్టు తెచ్చుకున్నాడు. మొదటిసారి మక్కు పల్చనై, వాడు చేసిన ఎద్దుకి అతికించిన కాలు జారిపోయింది. రెండోసారి ఆరాక పగిలింది. మూడోసారి పొట్టును పాత చున్నీలో వేసి జల్లించి, మెత్తటిది మాత్రమే కొంచెం కొంచెంగా కలిపాడు. ఎద్దు నిలబడింది. ఏ సారి ఎన్ని చెంచాలు కలిపాడో నోట్‌బుక్ చివరి పేజీలో రాసుకున్నాడు. ఎవరూ రాయమనలేదు.

ఈ పిల్లాణ్ని ఒక పెద్ద ప్రైవేటు బడికి తీసుకెళ్లాం. పేరు రాయను, ఎందుకంటే మిగతా చోట్లా దాదాపు ఇదే జరిగింది. పీఆర్వో గారు చాలా మర్యాదగా కూర్చోబెట్టి, వాడి చేతికి ఒక పేపర్ ఇచ్చారు. నలభై ప్రశ్నలు, గంట టైమ్. వాడికి పదకొండు వచ్చాయి. "బాబు మ్యాథ్స్‌లో వీక్ అండి. ఫౌండేషన్ సెక్షన్ కష్టం. మామూలు సెక్షన్‌లో చూద్దాం, అది కూడా సీటు మిగిలితే" అన్నారు. ఫౌండేషన్ అంటే ఐఐటీకి. పిల్లాడికి పదకొండేళ్లు.

స్కూటర్ మీద తిరిగొస్తుంటే వెనక నుంచి అడిగాడు: "నాన్నా, నేను బాగా చదవనని వాళ్లకి ఒక్క గంటలో ఎలా తెలిసింది?" బెంజి సర్కిల్ దాటేదాకా నాకు నోట మాట రాలేదు.

అయ్యా, ఆ పరీక్ష పెట్టడమే తప్పు కదా? 2009 విద్యాహక్కు చట్టం 13వ సెక్షన్ ప్రకారం, ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లల్ని చేర్చుకునేటప్పుడు పిల్లలకు గానీ తల్లిదండ్రులకు గానీ ఎంపిక పరీక్ష పెట్టకూడదు. పెడితే మొదటిసారి 25 వేలు, తర్వాత ప్రతిసారీ 50 వేల రూపాయల దాకా జరిమానా. అదే చట్టం షెడ్యూల్‌లో, ఆరు నుంచి ఎనిమిది తరగతుల్లో వందమందికి పైగా పిల్లలుంటే ఆర్ట్, వ్యాయామం, వర్క్ ఎడ్యుకేషన్ నేర్పడానికి పార్ట్‌టైమ్ బోధకులుండాలని ఉంది. ఆటస్థలం ఉండాలనీ ఉంది. నేను చూసిన తొమ్మిదింటిలో ఏడు చోట్ల పరీక్ష పెట్టారు. ఆర్ట్ మాస్టారిని ఒకసారి కలవొచ్చా అని అడిగితే రెండు చోట్ల మాత్రమే మనిషిని చూపించారు. ఒక బడిలో ఆటస్థలం అంటే సెల్లార్‌లో సిమెంటు మీద గీసిన షటిల్ కోర్టు.

టైమ్‌టేబుల్ అడిగితే వెంటనే చూపించిన బడి ఒక్కటే. శనివారం చివరి పీరియడ్‌కి "ఆర్ట్/గేమ్స్" అని ఉంది. మా పక్కింటి అమ్మాయి అక్కడే ఏడు చదువుతోంది. ఆ పీరియడ్‌లో వీకెండ్ టెస్ట్‌కి రివిజన్ చేయిస్తారట. ఈ ఏడాది డ్రాయింగ్ బుక్ తెరవలేదంది. టీచర్లను తప్పు పట్టను. వాళ్ల మీద మార్కుల టెన్షన్ మనకంటే ఎక్కువ.

ప్రభుత్వ బడికి పంపొచ్చు కదా అని మీరు అడగొచ్చు. వెళ్లి చూశాం. మాకు దగ్గర్లోని మున్సిపల్ హైస్కూల్లో చక్కటి గ్రౌండ్ ఉంది, వేపచెట్లు ఉన్నాయి. మీరు ప్రభుత్వ బడుల్లో తెచ్చిన శనివారం నో బ్యాగ్ డే మాకు నిజంగా నచ్చింది. కానీ అక్కడి డ్రాయింగ్ మాస్టారు రిటైరైన తర్వాత ఆ పోస్టులోకి ఎవరూ రాలేదు. ఆయన స్థానంలో ఒకరుంటే నాకు ఈ లేఖ రాసే అవసరమే వచ్చేది కాదు. మదనపల్లె దగ్గర రిషివ్యాలీ లాంటి బడి గురించీ విన్నాం. ఆ ఖర్చు మా వల్ల కాదు, పదకొండేళ్ల వాణ్ని హాస్టల్‌కి పంపే మనసూ లేదు.

2025 గణతంత్ర దినోత్సవాన ఢిల్లీలో మన రాష్ట్ర శకటం మీద ఏటికొప్పాక బొమ్మలు ఊరేగాయి. మా వాడు టీవీకి అతుక్కుపోయి చూశాడు. ఆ లక్క బొమ్మల కోసం ఏళ్లుగా కృషి చేసిన సి.వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ వచ్చింది. మనం దేశానికి గర్వంగా చూపించుకునే ఈ పనిని ఆరో తరగతి పిల్లాడికి వారంలో ఒక్క గంట నేర్పే బడి విజయవాడలో ఎక్కడుందో నాకు దొరకలేదు. కొండపల్లి ఇక్కడికి గంట దూరం కూడా లేదు. మా ప్రెస్‌లోనే చేత్తో బొమ్మ గీయగల మనిషి కోసం నెలల తరబడి వెతుకుతాం. కంప్యూటర్ వచ్చినవాళ్లు బోలెడు మంది దొరుకుతారు. ముఖం గీయమంటే గీసేవాళ్లు దొరకరు.

కొత్త చట్టం అడగడం లేదు. ఉన్నది అమలు చేయండి. అడ్మిషన్ల సీజన్ జనవరిలోనే మొదలవుతుంది కాబట్టి మండల విద్యాధికారులను (ఎంఈవోలను) అప్పుడే బడులకు పంపండి. పరీక్ష పేపర్లు అక్కడే టేబుల్ మీద దొరుకుతాయి. ప్రతి బడీ ఏటా యూడైస్‌లో, అంటే బడుల వివరాలు సేకరించే ప్రభుత్వ ఫారంలో, గ్రౌండ్ ఉందా, లైబ్రరీ ఉందా అని నింపుతోంది కదా. ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల అసలు టైమ్‌టేబుల్‌నీ, ఆర్ట్ బోధకుడి పేరునీ గేటు దగ్గర బోర్డు మీద పెట్టించండి. బ్రోషర్‌లో గిటారు పట్టుకున్న పిల్లాడి ఫొటో చూసి మాలాంటి వాళ్లు ఫీజు కట్టేస్తున్నారు. బోర్డు ఉంటే కట్టే ముందే తెలుస్తుంది, లేని పీరియడ్ గురించి అడిగే ధైర్యమూ వస్తుంది.

మార్కుల ప్రకారం పిల్లల్ని సెక్షన్లుగా విడగొట్టడం కూడా ఎనిమిదో తరగతి దాకా ఆపించండి. మామూలు సెక్షన్‌లో కూర్చున్న పిల్లాడికి తనను అక్కడ ఎందుకు కూర్చోబెట్టారో మొదటి రోజే తెలిసిపోతుంది.

వచ్చే వారం ఇంకో రెండు బడులు చూడాలి. ఈసారి పరీక్ష లేదంటేనే వాణ్ని వెంట తీసుకెళ్దామని మా ఆవిడ గట్టిగా చెప్పింది. ఎద్దు మా టీవీ స్టాండ్ మీదే ఉంది. రంగు ఇంకా వేయలేదు. ఏ రంగు మక్కు మీద నిలుస్తుందో అడగడానికి మళ్లీ కొండపల్లి తీసుకెళ్లమంటున్నాడు.

ఇట్లు,
ఒక ఐదో తరగతి పిల్లాడి తండ్రి,
విజయవాడ