హాన్స్ మోజర్: తప్పు ఫొటో, తప్పు జీవితం

సంపాదకులు గారికి,

నమస్కారం. మీ ఆదివారం అనుబంధంలో ప్రపంచ హాస్యనటుల వరసలో హాన్స్ మోజర్ గురించి వేసిన వ్యాసం చూసి, ఆయన ఊరైన ఆస్ట్రియా రాజధాని వియన్నా నుంచి రాస్తున్నాను. అది వచ్చి చాలా రోజులైంది. తెలిసినవాళ్ళు ఎవరైనా రాస్తారు, మీరే సవరణ వేస్తారు అని ఎదురుచూశాను. ఒక్క ముక్క రాలేదు. పైగా పోయిన ఆదివారం అదే పేజీలో ఇంకో నటుడి గురించి వేసేశారు. అంటే మోజర్ సంగతి మీ దృష్టిలో అయిపోయిందన్నమాట. నాకు కాలేదు.

ముందు ఫొటో. మోజర్ అని కింద పేరు పెట్టి మీరు అచ్చేసినది టియో లింగెన్ అనే ఇంకో నటుడి ఫొటో. నడిమి పాపిడి తీసుకుని సన్నగా పొడుగ్గా ఉన్న ఆ మనిషి జర్మనీలో హానోవర్‌లో పుట్టినవారు. మోజర్ పొట్టి మనిషి. ఇద్దరూ కలిసి నటించిన సినిమాలున్నాయి, అందులో ఏదో ఒక స్టిల్ చూసి ఎవరు ఎవరో కనుక్కోకుండా సగం కత్తిరించి పెట్టినట్టున్నారు. వియన్నాలో చిన్నపిల్లలు కూడా పోల్చుకునే ముఖం మోజర్‌ది. ఇక్కడి టీవీలో ఆయన పాత సినిమాలు ఇప్పటికీ వస్తూనే ఉంటాయి.

ఇక వ్యాసంలో రెండుచోట్ల "జర్మన్ నటుడు" అన్నారు. ఆయన 1880 ఆగస్టు 6న వియన్నాలో పుట్టారు, 1964 జూన్ 19న వియన్నాలోనే పోయారు. అసలు పేరు యోహాన్ జూలియే. తనకు నటన నేర్పిన యోజెఫ్ మోజర్ మీద గౌరవంతో ఆయన ఇంటిపేరు పెట్టుకున్నారు. మాట మొదలుపెట్టి సగంలో మింగేయడం, చేతులు ఊపుకుంటూ తనలో తనే గొణుక్కోవడం, ఆ యాస, ఆ విసుగు అంతా వియన్నా పేటలదే. బెర్లిన్ ప్రేక్షకులు కూడా ఆయన్ని వియన్నా మనిషిగానే చూసి నవ్వారు. అలాంటాయన్ని జర్మన్ అనడం ఈ దేశంలో ఎవరికీ చిన్న తప్పుగా కనిపించదు. 1938లో జర్మనీ ఈ దేశాన్ని మింగినందువల్ల ఆయన ఇంట్లో ఏం జరిగిందో తెలిస్తే మీకూ కనిపించదు.

"సినిమాల్లో అడుగుపెట్టి రాత్రికి రాత్రే స్టార్ అయ్యాడు" అని మీ రచయిత రాశారు. ఏ రాత్రి? పంతొమ్మిదో శతాబ్దం చివరి ఏళ్ళలో, ఇంకా ఇరవై నిండకుండానే, ఆయన చిన్న ఊళ్ళ నాటక కంపెనీల్లో చేరారు. ఆస్ట్రియా సామ్రాజ్యంలోని ఊరూరూ తిరిగారు. ఎత్తు లేదు, నాయకుడి గొంతు లేదు. ఇచ్చినవన్నీ చిల్లర వేషాలే. ఆ తర్వాత వియన్నాలో వినోదశాలల్లో, తాగేవాళ్ళ ముందు, తినేవాళ్ళ ముందు చిన్న చిన్న అంకాలు వేశారు. మధ్యలో మొదటి ప్రపంచ యుద్ధానికి వెళ్ళొచ్చారు. నలభై దాటినా పేరు రాలేదు. మాక్స్ రైన్‌హార్ట్ అంతటి దర్శకుడు పిలిచి తన బృందంలో వేషం ఇచ్చేనాటికి ఆయనకు దాదాపు 45 ఏళ్ళు. రైన్‌హార్ట్ ఆయన్ని 1927లో న్యూయార్క్ నాటకాలకు కూడా తీసుకెళ్ళారు. మరి రాత్రికి రాత్రే అంటే ఎలా? పాతికేళ్ళకు పైగా ఆకలి, అవమానం మింగి నేర్చుకున్న విద్యను ఒక్క వాక్యంతో చెరిపేశారు.

ఆ విద్య ఎలాంటిదో ఒక్కటి చెబుతాను. రైల్వే కూలీ అంకం ఒకటి ఆయన వేదిక మీద వేసేవారు. పెద్ద పెట్టె ఒకటి ఎదురుగా ఉంటుంది. దాన్ని ఎత్తాలి. ఎటు పట్టుకోవాలి, ఎలా తిప్పాలి, ముందు ఏ చెయ్యి వెయ్యాలి అని ఆ కూలీ ఆలోచిస్తూనే ఉంటాడు, పెట్టె మాత్రం కదలదు. ఇందులో ఎవరినీ కొట్టడం లేదు, బూతు లేదు, ఎవరి ఒంటిమీదా జోకు లేదు. పేదవాడికి తన పని మీద ఉన్న పట్టుదల, లోపల ఉన్న భయం, రెండూ కనిపిస్తాయి. 1952లో వచ్చిన 'హలో డీన్స్ట్‌మాన్' సినిమాలో పాల్ హోర్బిగర్‌తో కలిసి మళ్ళీ కూలీ వేషమే వేశారు. అప్పటికి ఆయన వయసు 71. దొరికితే చూడండి. భాష రాకపోయినా నవ్వొస్తుంది.

నన్ను అన్నిటికంటే బాధపెట్టింది చివరి పేరా. "నాజీలకు ఇష్టమైన కమెడియన్" అని రాసి అక్కడితో వ్యాసం ముగించారు. ఆ మాటలో అబద్ధం లేదు. నాజీల కాలంలో ఆయన వరసగా సినిమాలు చేశారు, వాళ్ళకు కావలసిన కళాకారుల జాబితాలో ఆయన పేరూ ఉంది. ఎవరైనా దాన్ని తప్పుపట్టవచ్చు, ఇక్కడా పట్టినవాళ్ళున్నారు. కానీ సగం చెప్పి ఆపడం న్యాయం కాదు.

ఆయన భార్య బ్లాంకా యూదు స్త్రీ. 1911లో పెళ్ళయింది. 1938 మార్చిలో హిట్లర్ ఆస్ట్రియాను కలుపుకున్నాక యూదు భార్య ఉన్న నటుడికి రెండే దారులు, విడాకులో, వృత్తి వదులుకోవడమో. మోజర్ విడాకులివ్వలేదు. తన భార్యను యూదుల చట్టాల నుంచి మినహాయించమని నేరుగా హిట్లర్‌కే ఉత్తరం రాశారు. ఆ చట్టాలు ఆమె మీద నుంచి తొలగలేదు. ఆయనకు మాత్రం నటించడానికి ప్రత్యేక అనుమతి దొరికింది. కూతురు అర్జెంటీనా వెళ్ళిపోయింది. భార్య 1939లో హంగరీకి వెళ్ళి తలదాచుకుంది. 1944 మార్చిలో జర్మన్ సైన్యం హంగరీని కూడా పట్టుకుంది. అంటే కెమెరా ముందు దేశాన్ని నవ్విస్తున్న మనిషికి, తన భార్య ఈ పూట బతికి ఉందో లేదో అన్న టెన్షన్ ఏళ్ళ తరబడి ఉంది. ఆయన నోరు జారితే ప్రాణం పోయేది ఆమెది. యుద్ధం ముగిశాకే ఇద్దరూ మళ్ళీ కలిశారు. ఇదంతా తెలిసిన తర్వాత కూడా "నాజీలకు ఇష్టమైన" అనే మాట మాత్రమే మిగులుతుందా? మీరు పొరపాటున వేసిన ఫొటోలో ఉన్న లింగెన్ ఇంటి పరిస్థితీ అదే. ఆయన భార్యదీ యూదు నేపథ్యమే. 'హలో డీన్స్ట్‌మాన్'లో జోడీగా చేసిన హోర్బిగర్‌ను 1945 మొదట్లో నాజీల రహస్య పోలీసు విభాగం గెస్టపో జైల్లో పెట్టింది.

ఇంకొకటి మీ వ్యాసంలో అసలు లేనే లేదు. 1924లో హూగో బెటావర్ నవల ఆధారంగా 'యూదులు లేని నగరం' అనే మూకీ సినిమా వచ్చింది. యూదులందరినీ వెళ్ళగొట్టిన నగరం ఎలా దివాలా తీసిందో చెప్పే కథ. అందులో యూదులంటే పడని ఒక ప్రజాప్రతినిధి వేషం మోజర్‌ది. చివరికి ఆ పాత్ర మతి చెడి పిచ్చాసుపత్రి గదిలో తేలుతుంది. మరుసటి ఏడాది మార్చిలో బెటావర్‌ను ఒక నాజీ అభిమాని కాల్చి చంపాడు. సినిమా వచ్చిన 14 ఏళ్ళకు ఆ కథ నిజమై మోజర్ ఇంటి తలుపు తట్టింది. ఆ సినిమా ప్రింటు ఒకటి 1991లో ఆమ్‌స్టర్‌డామ్‌లో దొరికింది. 2015లో పారిస్ పాత సామాన్ల సంతలో ఇంకా మంచి ప్రింటు దొరికింది. ఆస్ట్రియా ఫిల్మ్ ఆర్కైవ్ జనం దగ్గర చందాలు పోగుచేసి దాన్ని బాగుచేయించి 2018లో మళ్ళీ ప్రదర్శించింది. ఇంత జరిగిన సినిమా మీ రచయిత కంట పడలేదంటే ఏం వెతికినట్టు?

చివరి రోజుల గురించీ ఏమీ లేదు. 1950లలో వియన్నాలోని పేరున్న నాటకశాల బుర్గ్ థియేటర్ ఆయన్ని తన బృందంలోకి తీసుకుంది. ఇక్కడ నటుడికి అంతకు మించిన గౌరవం లేదు. 1961లో, ఎనభై దాటాక, హోర్వాత్ అనే రచయిత నాటకం టీవీకి తీసినప్పుడు కూతుర్ని గడప తొక్కనివ్వని బొమ్మల కొట్టు తండ్రిగా వేశారు. ఆ ముఖం చూసి నవ్వుదామని కూర్చున్నవాళ్ళు నవ్వలేరు.

తెలుగు పత్రికల్లో హాస్యనటుడంటే ఈ చిన్నచూపు కొత్తది కాదు. రేలంగికి పద్మశ్రీ వచ్చినా ఆయన నాటకాల రోజుల గురించి వెతికి రాసేవాళ్ళు ఎందరు? నాలుగు జోకులు, "నవ్విస్తూనే ఏడిపించాడు" అనే అరిగిపోయిన ముగింపు, అంతే. ఒకప్పుడు ప్రూఫు చూసేవాళ్ళు, తేదీలు సరిచూసేవాళ్ళు ఉండేవారు. ఇప్పుడు నెట్‌లో కనపడిందల్లా అచ్చుకు పోతోంది. ప్రభుత్వాల సంగతి సరేసరి. మన తొలి టాకీ 'భక్త ప్రహ్లాద' 1932లో వచ్చింది. ఈరోజు చూద్దామంటే ప్రింటు లేదు. అవార్డు సభలకు, మంత్రుల సన్మానాలకు డబ్బు దొరుకుతుంది. పాత రీళ్ళు వెతికించడానికి ఒక ఉద్యోగిని పెట్టడానికి దొరకదు. ఇక్కడ ఆస్ట్రియాలో, పారిస్ సంతలో దొరికిన ఆ రీలు కోసం మామూలు జనం జేబులో డబ్బు తీసి ఇచ్చారు. మనవాళ్ళూ ఇస్తారు, అడిగేవాళ్ళుంటే.

నేను కోరేది ఇది. మూల పేజీలో కనపడని అక్షరాల్లో రెండు లైన్ల సవరణ వద్దు. వ్యాసం వేసిన పేజీలోనే, అంతే జాగాలో, మోజర్ ఫొటో పెట్టి, ఆయన ఆస్ట్రియా నటుడని, బ్లాంకాకు విడాకులివ్వలేదని రాయండి. లింగెన్ ఫొటోను తప్పుగా వేశామని కూడా ఒప్పుకోండి. ఫొటో ఎక్కడ దొరుకుతుందో తెలియకపోతే మీ డెస్కు నన్ను అడిగినా చెబుతాను.

ఇట్లు,
వియన్నాలో ఉంటున్న మీ పాఠకురాలు