నాన్నకి గడ్డం గీసిన పాస్టర్ గారికి

పాస్టర్ గారూ, ఆ టెన్షన్‌లో మీ పేరు అడగడం కూడా తట్టలేదు, క్షమించండి.

పోయిన నెల నాన్నకి పక్షవాతం వచ్చి హైదరాబాద్‌లో ఆసుపత్రిలో చేర్చాం. మీరు పక్క మంచం పెద్దాయన కోసం ప్రార్థన చెయ్యడానికి వచ్చారు. వెళ్తూ వెళ్తూ నాన్న వైపు చూశారు. మాట పడిపోయింది కదా, ఎడమ చేత్తో గడ్డం తడుముకుంటూనే ఉన్నారు. దురదేమో అనుకున్నాను నేను. మీకు మాత్రం అర్థమైంది.

మర్నాడు పొద్దున్నే ఆరింటికల్లా బ్రష్, సబ్బు, కొత్త బ్లేడుతో వచ్చేశారు. ఎనిమిదింటికి మీకు ఆరాధన ఉందట, అయినా వచ్చారు. నర్సమ్మనడిగి వేడినీళ్లు తెచ్చారు. వంకర తిరిగిన మూతి దగ్గర చెంపని రెండు వేళ్లతో సాగదీసి, గాటు పడకుండా ఎంత నెమ్మదిగా గీశారో! నాన్న ముప్పై ఏళ్లు సండే స్కూల్ చెప్పిన మనిషి, మాసిన గడ్డంతో ఆదివారం ఎప్పుడూ గడప దాటలేదు. ఆ రోజు ఆదివారమని నాకే గుర్తులేదు.

మాది మెదక్ అని తెలిసి, గీస్తూనే అక్కడి చర్చి కబుర్లు ఎత్తుకున్నారు. కరువు రోజుల్లో పనికి వచ్చినవాళ్లకి అన్నం పెట్టి మిషనరీ పాస్నెట్ దొర కట్టించడం, 1924 క్రిస్మస్ నాడు ప్రతిష్ఠ జరగడం... అవన్నీ నాన్న పిల్లలకి చెప్పే కథలే. ఆయన కళ్లు నవ్వాయి. ప్రార్థన మాత్రం రెండు ముక్కల్లో ముగించారు (పాస్టర్లలో అది అరుదు, ఏమనుకోకండి).

నాన్న ఇంటికొచ్చారు. మీ బ్రష్ మా దగ్గరే ఉండిపోయింది. ఇప్పుడు నేనే గీస్తున్నాను. నిన్న చెవి దగ్గర రెండు గాట్లు పడ్డాయి.