మన ఊరి ఆక్వా రైతుల సంఘం: 2025 వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం. సంక్రాంతి హడావుడిలో సర్వసభ్య సమావేశానికి రాలేనివాళ్లు కొందరుంటారు, వచ్చినా వెనక కుర్చీల్లో కూర్చుని కోడిపందేల లెక్కలు మాట్లాడుకునేవాళ్లు ఇంకొందరుంటారు, అందుకని ఈసారి నివేదిక ముందే రాసి అందరికీ పంపుతున్నాను. తీరిగ్గా చదవండి. తిట్టాలనుంటే సమావేశానికి వచ్చి ఎదురుగా తిట్టండి, అర్ధరాత్రి వాయిస్ మెసేజీలు మాత్రం పెట్టొద్దు.

ఎప్పుడూ మన నివేదిక అంటే కాలువ పూడిక, ట్రాన్స్‌ఫార్మర్, చందా బకాయిలు, రెండు పేజీల్లో అయిపోయేది. ఈ ఏడాది అలా కుదరలేదు. వాషింగ్టన్‌లో మైకు ముందు ఒక మాట అంటే ఇక్కడ మన గట్టు మీద కౌంట్ రేటు పడిపోయిన సంవత్సరం ఇది (కేజీకి ఎన్ని రొయ్యలు తూగితే అది కౌంట్, తక్కువ తూగితే రేటు ఎక్కువ). ప్రభుత్వాలు ఎగుమతుల కోసం, పెట్టుబడుల కోసం ఏం చేశాయో, అందులో మన చెరువు దాకా ఏం వచ్చిందో, రానిదానికి మన తప్పెంతో ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

ముందు ఏప్రిల్ సంగతి. 2వ తేదీన ట్రంప్ మన దేశపు సరుకు మీద 26 శాతం సుంకం అని ప్రకటించాడు. మనకది 3వ తేదీ తెల్లవారుజాము. పొద్దున మేత వేసి గట్టు దిగేసరికి ఏజెంట్ల ఫోన్లు, కేజీకి ముప్పై తగ్గిందని ఒకరు, నలభై తగ్గిందని ఇంకొకరు. అప్పటికి ఆ 26 శాతం ఒక్క కంటైనర్ మీద కూడా పడలేదు. వారం తిరిగేసరికి ఆయనే 90 రోజులు వాయిదా వేసి 10 శాతం మాత్రం ఉంచాడు. మరి రేటు వెనక్కి వచ్చిందా అంటే, వచ్చింది, కాళ్లీడ్చుకుంటూ వచ్చింది. దిగేటప్పుడు లిఫ్టు, ఎక్కేటప్పుడు మెట్లు, మన రొయ్య రేటు ఎప్పుడూ అంతే. రాష్ట్ర ప్రభుత్వం ఎగుమతి కంపెనీలను కూర్చోబెట్టి 100 కౌంట్‌ను కేజీ 220 రూపాయలకు తగ్గకుండా కొనమంది. ఆ కాగితం ప్రింట్ తీయించి చెరువుల దగ్గర పాకల్లో అంటించాం. కొందరు ఆ రేటుకే కొన్నారు. కొందరు మాత్రం ‘ఆ కౌంట్ మాకు వద్దండీ, 50 ఉంటే చెప్పండి’ అని తప్పుకున్నారు. వద్దన్నవాడి చేత రేటు ఎలా ఇప్పిస్తాం?

ఆగస్టులో అసలు దెబ్బ తగిలింది. 7వ తేదీ నుంచి 25 శాతం, రష్యా చమురు కొంటున్నామని 27వ తేదీ నుంచి మరో 25. ఇవి కాక మన రొయ్య మీద ముందు నుంచీ ఉన్న యాంటీ డంపింగ్ (మరీ చవగ్గా అమ్ముతున్నామని వేసేది), కౌంటర్‌వెయిలింగ్ (ప్రభుత్వ రాయితీలు అందుతున్నాయని వేసేది) సుంకాలు. అన్నీ కలిపితే 58 శాతం దాటింది. అదే రొయ్య ఈక్వెడార్ నుంచి వెళ్తే అప్పట్లో ఈ కొత్త సుంకం 15, ఇండోనేషియా, థాయ్‌లాండ్ నుంచి అయితే 19, వియత్నాం నుంచి 20. కొనేవాడు మన దగ్గరికి ఎందుకొస్తాడు? 2024-25లో దేశం నుంచి వెళ్లిన ఫ్రోజెన్ రొయ్య 7.41 లక్షల టన్నులు, అందులో 3.11 లక్షల టన్నులు ఒక్క అమెరికాకే. అన్ని గుడ్లూ ఒకే తట్టలో పెట్టామని ఇప్పుడు అందరూ అంటున్నారు కానీ, రేటు బాగున్నన్నాళ్లూ ఆ తట్ట ఎవరిదని ఎవరూ అడగలేదు, నాతో సహా.

ఇక్కడో చిత్రం చెప్పాలి. 2009లో వనామీకి (ఇప్పుడు మనం పెంచే రొయ్య రకం) అనుమతి వచ్చినప్పటి నుంచి మన హేచరీలకు తల్లి రొయ్యలు ఎక్కువగా అమెరికా నుంచే విమానంలో వస్తున్నాయి, చెన్నైలో క్వారంటైన్ చేసి ఇస్తారు. అక్కడి తల్లి, ఇక్కడి పిల్ల, మళ్లీ అక్కడి ప్లేటు. మధ్యలో మూడు నాలుగు నెలలు నిద్రలు కాచేది మాత్రం మనం.

సెప్టెంబరు మొదటి వారంలో ఉప్పుటేరు వైపు మన సభ్యుడి చెరువులో జరిగిన పట్టుబడి గురించి రాయకుండా ఉండలేను, ఎందుకంటే సుంకం అంటే ఏమిటో నాకు పేపర్లో అర్థం కాలేదు, ఆ రాత్రే అర్థమైంది. పదకొండు దాటింది. కూలీలు మొలలోతు నీళ్లలో వల లాగుతున్నారు, ఐసు లారీ గట్టు మొదట్లో ఆగి ఉంది, ట్రేల్లోంచి నీళ్లు కారుతున్నాయి. కౌంట్ చూడటానికి మూడు ట్రేల్లోంచి కలిపి కేజీ తూచి, ట్యూబ్‌లైటు కింద టార్పాలిన్ మీద పోశారు. వాళ్ల నాన్న, పెద్దాయన, పాత అలవాటు కొద్దీ ఒకటి అనకుండా ‘లాభం’ అని మొదలుపెట్టి రెండు, మూడు అని లెక్కపెట్టాడు. ఆయన లెక్కకి 43, కంపెనీ తరఫున వచ్చిన కుర్రాడి లెక్కకి 46. తోకలు తెగినవి, సగం విరిగినవి లెక్కలోకి వస్తాయా రావా అని అరగంట వాదన. చివరికి 45 దగ్గర రాజీ. ఈలోగా ఆ కుర్రాడికి ఫోను, రేపటి నుంచి కేజీకి 20 తక్కువ, మీకూ అదే వర్తిస్తుందన్నాడు. లారీ సగం నిండింది. నీళ్లలోంచి తీసిన రొయ్య ఎవరి కోసమూ ఆగదు, చెరువులోకి తిరిగి వెళ్లదు. కార్యవర్గంలో ముగ్గురం అక్కడే కూర్చుని, అప్పటిదాకా ఎక్కినదానికి పాత రేటు కట్టించగలిగాం, మిగతాదానికి కుదరలేదు. పెద్దాయన మొదట అన్న లాభం ఆ టార్పాలిన్ దాటి రాలేదు.

ఇక ప్రభుత్వాలు చేసినవి. సెప్టెంబరులో ముఖ్యమంత్రి చంద్రబాబు కేంద్ర మంత్రులకు లేఖలు రాశారు, 25 వేల కోట్ల నష్టం అని, సగం ఆర్డర్లు రద్దయ్యాయని, ఆదుకోమని. 22వ తేదీ నుంచి జీఎస్టీ రేట్లు మారాయి, ఏరేటర్లు (చెరువు నీళ్లలోకి గాలి ఎక్కించే యంత్రాలు), పంపుల మీద పన్ను 5 శాతానికి దిగింది. ఇది నిజంగా మనకు అందింది. ఆ తర్వాత ఏరేటర్లు కొన్న మన సభ్యులు బిల్లుల్లో తేడా చూసుకున్నారు. నవంబరు 12న కేంద్ర కేబినెట్ ఎగుమతి ప్రోత్సాహక మిషన్‌కు ఆమోదం తెలిపింది, 2030-31 దాకా 25,060 కోట్లు. రెండు రోజులకే రిజర్వు బ్యాంకు, దెబ్బతిన్న రంగాల ఎగుమతిదారులకు సెప్టెంబరు నుంచి డిసెంబరు దాకా కట్టాల్సిన వాయిదాలకు గడువు ఇవ్వొచ్చని, విదేశాల నుంచి డబ్బు రావడానికి తొమ్మిది నెలల బదులు పదిహేను నెలలు ఆగొచ్చని చెప్పింది.

మంచిదే. కానీ మన సభ్యుల్లో కొందరు ఆ వార్త పట్టుకుని బ్యాంకుకు వెళ్లారు, ‘ఇది ఎగుమతిదారులకండీ, మీరు రైతులు కదా’ అని పంపించేశారు. బ్యాంకు వాళ్లని అనడానికేం లేదు, కాగితం మీద ఉన్నదదే. రొయ్య పెంచేది మనం, ఎగుమతిదారు మాత్రం రొయ్యను శుభ్రం చేసి ప్యాక్ చేసే ప్లాంటు వాడు. పన్ను వాపసులు, వడ్డీ రాయితీలు, గ్యారంటీలు అన్నీ ప్లాంటు గేటు దగ్గర ఆగుతాయి. అక్కడ మిగిలింది మన రేటులోకి వస్తుందని అధికారులు అంటారు, వచ్చిందో రాలేదో మీకు తెలుసు. నష్టం మాత్రం ఆ గేటు దాటుకుని అదే రోజు సాయంత్రానికి మన గట్టెక్కుతుంది. లీజు వాయిదాకు గడువు లేదు, ఫీడు షాపు ఖాతాకు అసలే లేదు. ఈ సంగతే అర్జీగా రాసి మత్స్యశాఖకు, ఎమ్మెల్యే గారికి, ఎంపెడాకు (కేంద్రం వాళ్ల సముద్ర ఉత్పత్తుల ఎగుమతి సంస్థ) పంపాం. రుణాల వెసులుబాటులో సాగు రైతును కూడా చేర్చండి, రోజువారీ కౌంట్ రేటు ప్రభుత్వమే ప్రకటించండి అని. అందినట్టు రసీదులొచ్చాయి. ఫైల్లో ఉన్నాయి, ఎవరైనా చూడొచ్చు.

ఒప్పందాల విషయానికొస్తే ఈ ఏడాది తిరునాళ్లే. జులై 24న బ్రిటన్‌తో సంతకాలయ్యాయి, అమల్లోకి వస్తే మన రొయ్య మీద అక్కడ సుంకం సున్నా. 2025 చివరికి ఇంకా అమల్లోకి రాలేదు కాబట్టి అప్పుడే సంబరం వద్దనుకున్నాం. స్విట్జర్లాండ్, నార్వే ఉన్న ఎఫ్టా కూటమితో ఒప్పందం అక్టోబరు 1న అమల్లోకి వచ్చింది. డిసెంబరులో ఒమన్‌తో సంతకాలు, న్యూజిలాండ్‌తో చర్చలు పూర్తయ్యాయన్న ప్రకటన. తెల్లమచ్చ వైరస్ భయంతో 2017 నుంచి పొట్టు తీయని మన రొయ్యను రానివ్వని ఆస్ట్రేలియా కూడా అక్టోబరులో మొదటి అనుమతి ఇచ్చింది, లోకేష్ గారు అక్కడ పర్యటనలో ఉండగానే ఈ మాట చెప్పారు. షరతులు చాలా ఉన్నాయి, అయినా తలుపు కొంచెం తెరుచుకుంది. నవంబరు 14, 15 తేదీల్లో విశాఖలో భాగస్వామ్య సదస్సు జరిగింది, 613 ఒప్పందాలు, 13 లక్షల కోట్ల పైచిలుకు పెట్టుబడులు అన్నారు. మన సంఘం గదిలో టీవీలో చూశాం. డేటా సెంటర్ వార్త వచ్చినప్పుడు ‘అక్కడా నీళ్లు చల్లబెట్టడమే కదరా పని, మనకి తెలిసిన పనే’ అని మన కోశాధికారి వేసిన జోకు తప్ప, మనవైపు నుంచి చెప్పుకోడానికి ఏం లేదు.

వీటన్నిటిలో నాకు పనికొచ్చే వార్తగా కనిపించింది యూరప్‌ది. సెప్టెంబరులో ఐరోపా సమాఖ్య మన దేశంలో మరో 102 సీఫుడ్ యూనిట్లకు అనుమతి ఇచ్చింది. అమెరికా పోయిన చోటుకి యూరప్ రావాలంటే దారి ఇదే. కానీ యూరప్ వాడు రేటుకంటే ముందు మందులు అడుగుతాడు. 2016 నుంచి మన సాగు రొయ్య కన్‌సైన్‌మెంట్లలో సగం అక్కడి రేవులో ఆపి పరీక్ష చేస్తున్నారు. నిషేధించిన యాంటీబయాటిక్ మందులు క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ల ఆనవాలు తేలిందా, కంటైనర్ వెనక్కి. అందుకే ఆ మార్కెట్టుకు వెళ్లే సరుకు చెరువులో ఉండగానే ఎంపెడా ల్యాబులో పరీక్ష చేయించాలి, దానికి ముందు చెరువు ఎంపెడాలో నమోదై ఉండాలి. మన దగ్గర ఎన్ని చెరువులు నమోదయ్యాయని జూన్‌లో అడిగితే చేతులెత్తినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. ఢిల్లీ వాళ్లు బ్రిటన్ దాకా వెళ్లి తలుపు తీయించారు, మనం భీమవరం దాకా వెళ్లి ఒక ఫారం నింపలేదు.

కాబట్టి సంఘం ఈ ఏడాది చేసిన పెద్ద పని ఇదే. జులైలో ఒకసారి, అక్టోబరులో ఒకసారి నమోదు శిబిరం పెట్టాం, అధికారులను ఊళ్లోకే పిలిపించాం. సొంత చెరువులున్నవాళ్ల పని సులువుగా అయింది. చిక్కంతా లీజుదార్లతో. లైసెన్సు భూమి యజమాని పేరున ఉంటుంది, లేదా అసలు ఉండదు, యజమాని హైదరాబాద్‌లోనో డల్లాస్‌లోనో ఉంటాడు, లీజు కాగితం రాసివ్వమంటే రేపు భూమి లాగేసుకుంటారేమోనని భయం. లైసెన్సు లేకపోతే యూనిట్ రూపాయిన్నర కరెంటుకీ ఇబ్బందే. ముగ్గురు యజమానులతో వీడియో కాల్‌లో మాట్లాడి ఒప్పించాం, ఒకాయన ఫోను కట్ చేశాడు. ఈ పని సగంలోనే ఉందని ఒప్పుకుంటున్నాను.

రెండోది చెరువు పుస్తకం. ఏ రోజు ఎంత మేత, పీహెచ్ ఎంత, ఏ మందు ఏ షాపులో కొన్నాం, బిల్లు నంబరు ఎంత, అంతే. ఆగస్టులో అందరికీ నోటుపుస్తకాలు పంచాం. నవంబరులో తిరిగి చూస్తే చాలావరకు మొదటి వారం నిండుగా ఉంది, తర్వాత తెల్లగా ఉంది, ఒక పుస్తకంలో పాల లెక్క ఉంది. సక్రమంగా రాసినవాటిలో అన్నిటికంటే బాగున్నది ఇంటర్ చదివే అమ్మాయి రాసింది. వాళ్ల నాన్న రోజూ సాయంత్రం చెప్తాడట, ఆ అమ్మాయి రాసుకుంటుంది, చెక్ ట్రేలో మేత మిగిలిందో లేదో కూడా బొమ్మ వేసి చూపించింది. ఆ చెరువు సరుకు ల్యాబుకు వెళ్లినప్పుడు నేను కూడా తోడు వెళ్లాను. విసురు వలతో నాలుగు మూలలా పట్టి, ఐసు పెట్టెలో సర్ది, పొద్దున్నే పట్టుకెళ్లాం. రిపోర్టు శుభ్రంగా వచ్చింది. కొనే కంపెనీ ఆ పుస్తకం ఫోటోలు తీసుకుంది, తరుగు దగ్గర కూడా అంత పేచీ పెట్టలేదు. కేజీకి పది రూపాయలు ఎక్కువిచ్చారు. పదేనా అంటారు, మన పక్క చెరువుకి ఆ పది కూడా రాలేదు.

మందుల షాపుల విషయంలో ఒక మాట. ‘గ్రోత్ బాగుంటుంది’ అని పేరు లేని డబ్బాలు అంటగట్టేవాళ్లు ఇంకా తిరుగుతున్నారు. లేబుల్ మీద ఏముందో రాయని డబ్బా ఎవరూ కొనొద్దని మార్చిలో తీర్మానం చేశాం. తీర్మానానికి చెయ్యెత్తినవాళ్ల పాకలోనే మేలో ఆ డబ్బా కనిపించింది. పేరు రాయను, ఆయనకు తెలుసు.

మిగతావి గబగబా. కాలువ పూడిక తీశారు, తూము దగ్గర ఇంకా మిగిలింది. ట్రాన్స్‌ఫార్మర్ మార్చారు. సీడ్ (రొయ్య పిల్లలు) పరీక్షించకుండా చెరువులో వదలొద్దన్న మాట ఎక్కువమంది పాటించారు, వైట్ గట్ (రొయ్య పేగు తెల్లబడే జబ్బు) మాత్రం ఈసారి కూడా వదల్లేదు. ఆదివారాల్లో మార్కెట్ దగ్గర మన రొయ్య మనమే అమ్ముదామని స్టాలు పెట్టాం, నాలుగు వారాలు నడిచింది, ఐసు ఖర్చు కూడా రాక ఆపేశాం. దేశంలో రొయ్య తినేవాళ్లను పెంచాలని ప్రభుత్వం అంటోంది, సరైన మాటే, కానీ ఎండలో థర్మాకోల్ పెట్టె ముందు కూర్చుంటే కాదు, కోల్డ్ చైన్ ఉండాలి. ఈసారి అర్జీలో అదీ రాద్దాం.

జమాఖర్చుల లెక్క కోశాధికారి సమావేశంలో చదువుతారు. చందా బకాయి ఉన్నవాళ్లు కనుమ లోపు కట్టండి. కొత్త నోటుపుస్తకాలు వచ్చాయి, సంఘం గదిలో బీరువా పై అరలో ఉన్నాయి, చెరువుకొకటి, సంతకం పెట్టి తీసుకెళ్లండి. ఆ అమ్మాయి పుస్తకం జిరాక్స్ కూడా అక్కడే పెట్టాను, ఎలా రాయాలో తెలియకపోతే చూసుకోవచ్చు.

ఇట్లు
మీ కార్యదర్శి