పరీక్షలో పాడైన మెషిన్ పెట్టండి

సంపాదకులకు నమస్కారం.

బూట్ల తయారీలో మెషిన్ ఆపరేటర్లుగా చేరేవారికి ఇచ్చే శిక్షణ చాలాచోట్ల ఒకే మూసలో సాగుతుంది. దారం ఎక్కించడం, పెడల్ తొక్కడం, గీసిన గీత మీద కుట్టడం, ఆఖర్న ఒక నమూనా కుట్టి చూపించడం. మెషిన్, తోలు, దారం మూడూ బాగుంటే కొద్ది వారాల్లో ఎవరైనా నీటుగా కుడతారు. ఫ్యాక్టరీలో ఆ మూడూ ఒకేసారి బాగుండే రోజు అరుదు. అందుకే మేము అడిగేది ఒక్కటే. ఆఖరి పరీక్షలో అభ్యర్థి ముందు పెట్టే మెషిన్‌లో కావాలనే ఒక లోపం పెట్టండి. అదేమిటో పోల్చుకుని, తన చేతిలో ఉన్నదైతే సరిచేసి, లేదంటే మెకానిక్‌కు అర్థమయ్యే మాటల్లో చెప్పగలిగినవారికే సర్టిఫికెట్ ఇవ్వండి.

అప్పర్లు (బూటులో సోల్ పైన పాదాన్ని కప్పే భాగాలు) కుట్టే పోస్ట్‌బెడ్ మెషిన్‌నే (స్తంభంలా లేచిన దిమ్మె మీద కుట్టేది) తీసుకోండి. మధ్యమధ్య కుట్టు తప్పుతోంది అనుకుందాం. కొత్త ఆపరేటరు చెయ్యి ముందు దారం బిగువు మార్చే టెన్షన్ నట్ మీదికే పోతుంది. కుట్టు తప్పడానికి అసలు కారణం చాలాసార్లు అక్కడ ఉండదు. పైదారం వేసే ఉచ్చును, దాన్ని కిందిదారంతో కలిపే హుక్ కొన అందుకోలేనప్పుడే కుట్టు తప్పుతుంది. సూది అట్టడుగుకు వెళ్లి, తిరిగి దాదాపు 2 మిల్లీమీటర్లు లేచేసరికి దాని వెనక దారం ఉబ్బి ఉచ్చు అవుతుంది. అదే క్షణంలో హుక్ కొన సూది కన్నుకు కొంచెం పైనుంచి, సూదికి తగలకుండా, 0.1 మిల్లీమీటరు లోపు సందుతో దూసుకుపోవాలి. సూది వెంట్రుకవాసి వంగినా ఆ సందు మారిపోతుంది. సూదిని పైదాకా దూర్చకుండా మర బిగిస్తే కన్ను ఉండాల్సిన చోటుకన్నా కిందికి దిగుతుంది. తోలును పైనుంచి నొక్కిపట్టే రోలర్ ఒత్తిడి చాలకపోతే తోలు సూదిని అంటుకుని పైకి లేస్తుంది, ఇక ఉచ్చు ఏర్పడే వీలుండదు.

కాబట్టి వెతకడానికి ఒక వరుస ఉండాలి. ముందు సూది: తీసి అద్దం ముక్క మీద పడుకోబెట్టి, కింద సన్నగా కనిపించే వెలుతురు గీత కొసదాకా సమంగా ఉందో లేదో చూడాలి. తర్వాత సూది గాడి ఏ వైపు తిరిగి ఉంది, దారం అన్ని కొక్కేల గుండా వచ్చిందా, రోలర్ ఒత్తిడి ఎంత అనేవి చూడాలి. ఇవన్నీ చూశాక కూడా కుట్టు తప్పుతుంటేనే హుక్ టైమింగ్ మీద అనుమానపడాలి. దాన్ని ఆపరేటరు ముట్టుకోకూడదు, మెకానిక్‌ను పిలవాలి. ‘మెషిన్ సరిగా లేదు’ అంటే మెకానిక్ మళ్లీ మొదటినుంచి వెతుక్కుంటాడు. ‘సూది మార్చాను, ఒత్తిడి చూశాను, మందం మారేచోట మాత్రమే తప్పుతోంది’ అంటే అతని పని సగం అయిపోయినట్టే.

సూదికీ దారానికీ పొత్తు కుదరడం మరో పాఠం. టికెట్ 40 (దారం మందాన్ని చెప్పే నంబరు) బాండెడ్ నైలాన్ దారానికి 100 లేదా 110 నంబరు సూది సరిపోతుంది. అదే దారాన్ని 80 సూదిలో ఎక్కిస్తే కన్ను దగ్గర రాపిడికి పీచులేచి తెగుతుంది. సన్నదారానికి లావుపాటి సూది వేస్తే కుట్టు చుట్టూ చిల్లులు నోళ్లు తెరుస్తాయి. తోలుకు కోసే మొన ఉన్న సూది, బట్టకు గుండ్రటి మొన సూది వాడాలి. స్పోర్ట్స్ షూ మెష్ మీద తోలు సూదితో కుడితే అది పోగులనే కోసేస్తుంది. ఆ సంగతి కుట్టేటప్పుడు తెలియదు, లాస్ట్ (పాదం ఆకారపు అచ్చు) మీద లాగినప్పుడు కుట్టు వెంట చిరిగి బయటపడుతుంది. బలంగా ఉంటుందని కుట్లు దగ్గర దగ్గరగా వేయడం కూడా పొరపాటే. సెంటీమీటరుకు నాలుగైదు చాలు. అంతకు మించి దట్టంగా వేస్తే తోలు తపాలాబిళ్లల షీటులా చిల్లుల వెంట చిరుగుతుంది. పైదారం, కిందిదారం కలిసే ముడి తోలు మందం మధ్యలో దాగాలి. అది పైకి కనిపిస్తే పైటెన్షన్ ఎక్కువైనట్టో, కిందిదారం ఉండే బాబిన్ కేసు వదులైనట్టో. టెన్షన్ నట్ తిప్పాల్సింది అప్పుడు.

తోలు ముక్కలు కోసే క్లికింగ్ ప్రెస్ అన్నిటికన్నా తేలికని చాలామంది అనుకుంటారు. డై (ముక్క ఆకారంలో ఉండే కత్తి అచ్చు) పెట్టు, రెండు బటన్లు నొక్కు, అంతే కదా అని. 20 టన్నుల బలంతో దిగే మెషిన్‌కు రెండు బటన్లు ఎందుకో మొదటి గంటలోనే చెప్పాలి. ఒక బటన్‌ను టేపుతో బిగించి ఒంటిచేత్తో నడిపే తెలివితేటలు కనిపిస్తే అక్కడికక్కడే పని ఆపించాలి. అసలు విద్య మాత్రం తోలు చదవడంలో ఉంది. వీపు భాగం బిగువుగా, సమంగా ఉంటుంది. పొట్ట, కాళ్ల మొదళ్లు వదులుగా ఉండి సాగుతాయి. పాదం పైభాగాన్ని కప్పే వ్యాంప్ వీపులోంచి రావాలి, నాలుక లాంటి ముక్కలు అంచుల్లోంచి తీసినా ఫర్వాలేదు. వ్యాంప్‌లో తక్కువ సాగే దిశ వేళ్లనుంచి మడమవైపు పడాలి. అడ్డదిడ్డంగా పడితే ఒక కాలి బూటు నెల తిరగకుండానే రెండోదానికన్నా వదులవుతుంది. కుడి ఎడమ ముక్కలు పక్కపక్కనే కోయకపోతే రంగులోనూ తేడా వస్తుంది. ఇదంతా నేర్పడానికి తోలు తగలేయనక్కర్లేదు. పెద్ద కాగితం మీద తోలు ఆకారం గీసి, మచ్చలూ గాట్లూ గుర్తుపెట్టి, అట్టముక్కలు పేర్చమంటే సరిపోతుంది.

డైలు ఎక్కువగా 19, 32 మిల్లీమీటర్ల ఎత్తుల్లో వస్తాయి. చిన్న డై తీసి పెద్దది పెట్టి, ప్రెస్ తల ఎత్తు మార్చకుండా నొక్కితే డై అంచు, కింది నైలాన్ బోర్డు రెండూ పాడవుతాయి. బోర్డు ఒకేచోట గుంటపడితే ముక్క పూర్తిగా తెగదు. ఆపరేటరు రెండోసారి కొడతాడు, డై రవ్వంత జరుగుతుంది, అంచు రెండు మెట్లుగా వస్తుంది. ఆ ముక్క స్కైవింగ్‌కు (అంచు పలచన చేసే పనికి) వెళ్లాక తిట్లు తినేది అక్కడి ఆపరేటరు!

స్కైవింగ్ దగ్గర చెప్పేది కొంచెమే. మడిచే అంచును సుమారు 10 మిల్లీమీటర్ల వెడల్పున, మడిచాక మందం మొదటంతే ఉండేలా పలచన చేయాలి. గంట ఆకారపు కత్తిని మెషిన్‌లోని రాయితో పదునుపెట్టాక లోపలివైపు మిగిలే బరకను తీయాలి. అరిగినకొద్దీ కత్తిని ముందుకు జరుపుకుంటూ రావాలి. ఈ రెండూ మరిచిపోతే అంచు అలలు అలలుగా వస్తుంది.

లాస్టింగ్ అంటే లాస్ట్ మీద అప్పర్‌ను లాగి ఇన్‌సోల్‌కు (లోపలి అడుగుకు) అంటించడం. ఈ పని యంత్రం చేయలేదని చాలాకాలం నమ్మారు. అమెరికాలోని లిన్ పట్టణంలో యాన్ ఎర్న్‌స్ట్ మాట్జెలిగర్ 1883లో పేటెంట్ తీసుకున్న యంత్రం ఆ మాటను తిప్పికొట్టింది. చేత్తో రోజుకు 50 జతలు అయ్యేచోట వందల జతలు అయ్యాయి. కానీ చేతి పనివాడికి తోలు ఎంతవరకు సాగుతుందో వేళ్లకు తెలిసేది. యంత్రంలో తోలును పట్టి లాగే పిన్సర్లకు తెలియదు. అందుకే టో లాస్టింగ్ (వేళ్ల భాగం లాగే) ఆపరేటరు ముందు తోలును చూసుకోవాలి. ఆవిరి పట్టని పొడితోలును లాగితే వేళ్ల దగ్గర పైపొర చిట్లుతుంది. లాగి అంటించే అంచు 15 మిల్లీమీటర్ల కన్నా తగ్గితే పిన్సర్లకు పట్టు దొరకదు. నడిమి గీత తప్పి వ్యాంప్ పక్కకు తిరిగితే మెషిన్‌ను అనేముందు అప్పర్ మడమ దగ్గర సరిగా కూర్చుందా, పక్క పిన్సర్లు రెండూ ఒకే బలంతో లాగుతున్నాయా అని చూడాలి. పరీక్షకు ఇదే మంచి లోపం. ఒక పక్క ఒత్తిడి కొంచెం తగ్గించి ఉంచండి, ఎంతమంది పట్టుకుంటారో చూడండి.

సోల్ అంటించే చోట శిక్షణ మరీ అన్యాయంగా ఉంటుంది. ‘గమ్ రాసి నొక్కడమే’ అంటారు. పాలీయురెథేన్ గమ్‌లో దాని బరువులో 3 నుంచి 5 శాతం హార్డనర్ (గట్టిపరిచే రసాయనం) కలుపుతారు. కలిపింది కొన్ని గంటల్లో పనికిరాకుండా పోతుంది కాబట్టి పొద్దున్నే డబ్బా నిండా కలిపి పెట్టుకోకూడదు. తోలు పైపొరను గీరాలి, కానీ సోల్ అంచు గీత దాటి గీరితే బూటు తయారయ్యాక ఆ గాటు బయటికి కనిపిస్తుంది. రాసిన గమ్ ఆరాక వేడితో మళ్లీ మెత్తబరిచి, చల్లారేలోపే ప్రెస్ చేయాలి.

సోల్ ఊడిన బూటును చెత్తబుట్టలో పడేసే ముందు దాన్ని చదవడం నేర్పండి. గమ్ పొర మొత్తం అప్పర్‌కే అంటుకుని సోల్ శుభ్రంగా ఊడివస్తే లోపం సోల్‌ను అంటింపుకు సిద్ధం చేయడంలో ఉంది. అచ్చునుంచి తీసినప్పటి జిడ్డు తుడవలేదు, లేదా రబ్బరు సోల్‌కు హాలోజనేషన్ (గమ్ పట్టేలా రసాయనం పూయడం) చేయలేదు. పొర మొత్తం సోల్‌తో వచ్చేస్తే అప్పర్ సరిగా గీరలేదు. రెండువైపులా నున్నటి, మెరిసే గమ్ కనిపిస్తే రెండు పొరలూ కలవనేలేదు, వేడి చాలలేదు లేదా ప్రెస్‌లో పెట్టడం ఆలస్యమైంది. తోలు పీచులే చిరిగి సోల్‌కు అంటుకుని వస్తే అంటింపులో తప్పులేదు. ఈ నాలుగు రకాల ఊడిన బూట్లు బల్ల మీద పెట్టి కారణాలు రాయమంటే చాలు. ఈ పరీక్షకు కరెంటు కూడా అక్కర్లేదు.

గమ్ ద్రావకాల సంగతి గోడమీది పోస్టరుకు వదిలేయకూడదు. బెంజీన్ ఉన్న గమ్ వాడిన ఇస్తాంబుల్ చెప్పుల కార్మికుల్లో రక్తక్యాన్సర్లను వైద్యుడు ముజఫ్ఫర్ అక్సోయ్ బృందం 1974లో నమోదు చేసింది. ఎన్-హెక్సేన్ ఆవిరి ఎక్కువకాలం పీలిస్తే కాళ్లూ చేతులూ తిమ్మిరెక్కి నరాలు దెబ్బతింటాయి. గాలిని బయటికి లాగే ఫ్యాన్ ఎక్కడుండాలి, డబ్బా మూత ఎందుకు మూయాలి అన్నవి చేతిపనిలో భాగంగానే నేర్పాలి.

ఆపరేటరు మెషిన్‌లో వేలుపెడితే నష్టమే ఎక్కువని కొందరు యజమానులంటారు. వేలు పెట్టమని మేమూ అనడం లేదు. ఏ మరను ముట్టుకోవచ్చో, ఏది ముట్టుకోకూడదో తెలియనివాళ్లే అన్నిట్లో వేలుపెడతారు. శిక్షకుల్లోనూ ఒక జంకు ఉంది, చెడగొట్టిన మెషిన్‌ను మళ్లీ సరిచేయగలమా అని. ఆ జంకు ఉన్నవారికి ముందుగా మెకానిక్‌ల దగ్గర కొన్నాళ్లు కూర్చునే ఏర్పాటు చేయాలి.

సర్టిఫికెట్ మీద ‘ఫుట్‌వేర్ ఆపరేటర్’ అని ఒక్క ముక్క రాసి ఊరుకోకుండా ఏ మెషిన్ మీద, ఏ రకం అప్పర్‌తో, పెట్టిన ఎన్ని లోపాల్లో ఎన్నింటిని ఎంతసేపట్లో పట్టుకున్నారో రాయండి. తీసుకునే ఫ్యాక్టరీకి కావలసింది ఆ అంకెలే.

ఇట్లు,
బూట్ల తయారీ యంత్రాల శిక్షకులు