పానా పడని బోల్టు

విజయవాడ,
ఆదివారం

చిరంజీవి సింధుజను ఆశీర్వదించి నాన్న వ్రాయునది.

ఇక్కడ అందరం క్షేమం. నువ్వు పంపిన రెండు ప్రకటనలూ కళ్లజోడు తుడుచుకుని మరీ చూశాను. ఒకటి 2009 నాటి పోర్షే 911 కరెరా ఎస్, మాన్యువల్ గేర్లది. రెండోది మూడేళ్లు వాడిన బీఎండబ్ల్యూ ఎం3 కాంపిటీషన్. వయసులో పదమూడేళ్ల తేడా ఉన్న రెండు కార్లకూ దాదాపు ఒకే ధర చెబుతున్నారంటే మీ అమ్మ నమ్మలేదు. పైగా ఆ పాతదాని వెనక సీట్లో మనిషి పడతాడా అని అడిగింది. సంచీ పడుతుంది, మనిషి పడడు అని నిజమే చెప్పాను. ఆమె ఓటు ఎటో నీకు అర్థమయ్యే ఉంటుంది. నువ్వు అడిగింది మాత్రం వేరు: నాలుగైదేళ్లు నడుపుకొని అమ్మితే ఏది తక్కువ పోగొడుతుంది అని. ఫోనులో సగం సగం చెప్పడం కంటే తీరికగా రాయడమే మేలనిపించింది.

ముప్పై ఏళ్లు ఆటోనగర్‌లో స్పేర్ పార్టుల కొట్టు నడిపిన నేను, నువ్వు పుట్టిన 1997లో, ఇంట్లో ఉన్న ఆర్‌ఎక్స్ 100ను పన్నెండు వేలకు అమ్ముకొని స్ప్లెండర్ కొన్నాను. ఆనాటి లెక్కన అది తెలివైన పనే. యమహా వాళ్లు ఆర్‌ఎక్స్ 100 తయారీని 1996లో ఆపేశారు. టూ స్ట్రోక్ ఇంజిన్ల పొగ మీద నిబంధనలు బిగుస్తున్నాయి. స్ప్లెండర్ అయితే పెట్రోలు తక్కువ తాగుతుంది, ప్లగ్గు తుడుచుకునే పని లేదు, చొక్కాకు పొగ వాసన పట్టదు. ఇప్పుడు కాగితాలు సరిగా ఉండి, ఇంజిన్ విప్పని ఆర్‌ఎక్స్ 100కు లక్ష పైనే చెబుతున్నారు. నా స్ప్లెండర్‌ను పాత ఇనుము కొనేవాడు తీసుకుపోయాడు. పాత స్ప్లెండర్ చేసే పనంతా కొత్త స్ప్లెండర్ ఇంకా బాగా చేస్తుంది, కనుక పాతదాని కోసం ఎవరూ వెతకరు. ఆర్‌ఎక్స్ 100 ఇచ్చే ఊపునూ చప్పుడునూ తరువాత వచ్చిన ఏ వంద సీసీ బండీ ఇవ్వలేదు. కొత్త తరం వచ్చేటప్పుడు దేన్ని వదిలేసి వచ్చిందో చూసుకుంటే, పాత తరం ధర ఎటు నడుస్తుందో చాలావరకు తెలుస్తుంది. నువ్వు చూస్తున్న రెండు కార్లనూ నేను ఈ కొలతతోనే కొలిచాను.

911 సంగతి ముందు చెబుతాను. 1963లో మొదలైన ఆ కారుకు ముప్పై ఏళ్లకు పైగా గాలితో చల్లబడే ఇంజినే ఉండేది. ఆ వరసలో ఆఖరుది 993 అనే తరం; 1998తో ముగిసింది. దాని తరువాతి 996కు నీటితో చల్లబడే ఇంజిన్ పెట్టారు. కాగితం మీద చూస్తే 996 కొంచెం ఎక్కువ బలమైనది, లోపల విశాలమైనది. అయినా ఈ రోజు మామూలు 996 ధరకు 993 రాదు, దానికి కొన్ని రెట్లు పెట్టాలి. 996కు మరో రెండు తలనొప్పులున్నాయి. తన కంటే చవకైన బాక్స్‌టర్‌తో ముందు భాగాన్ని పంచుకుంది, గుడ్డు కొట్టి పోసినట్టున్న ఆ దీపాలతో సహా. అంతకంటే పెద్దది, ఇంజిన్ లోపల ఇంటర్మీడియట్ షాఫ్ట్ అనే ఇరుసును మోసే బేరింగు. అది పాడైతే ఇంజిన్ మొత్తం పోతుంది. అన్ని కార్లకూ పోదు, కాని ఏ కారుకు పోతుందో బయటి నుంచి చెప్పలేము. కొనేవాడు ఆ భయాన్ని ముందుగానే ధరలోంచి తీసేస్తాడు. అదే 996 తరంలోని టర్బో, జీటీ3 అనే మోడళ్లకు వేరే ఇంజిన్ ఉంది. పోర్షే ఇంజినీరు హాన్స్ మెట్స్‌గర్ పేరుతో పిలిచే, రేసు కార్ల వంశానికి చెందిన ఆ ఇంజిన్‌కు ఈ బేరింగు బెడద లేదు, కనుక వాటి ధరల దారే వేరు.

ఇక నువ్వు చూసిన 2009 కారు 997 తరానిది, అందులోనూ రెండో విడతది. ఇక్కడ సంవత్సరం చాలా ముఖ్యం. 2005 నుంచి 2008 దాకా వచ్చిన 997 కరెరాలకు (911లో మామూలు రకం పేరు అది) పాత వంశపు ఇంజినే ఉంది. సిలిండర్ గోడల మీద గీతలు పడే జబ్బు వాటిలో ఎక్కువగా కనిపిస్తుంది. 2009 మోడల్ నుంచి పూర్తిగా కొత్త ఇంజిన్ పెట్టారు, అందులో ఆ ఇంటర్మీడియట్ షాఫ్టే లేదు. జబ్బు పోయింది, రుచి పోలేదు. తరువాతి 991లో హైడ్రాలిక్ స్టీరింగ్ తీసేసి కరెంటు మోటారు పెట్టారు. 991 రెండో విడతలో మామూలు కరెరాలన్నిటికీ టర్బో, అంటే ఇంజిన్‌లోకి గాలిని ఒత్తి నెట్టే ఫంకా, తగిలించారు. 992కు వచ్చేసరికి మూల కరెరాలో మాన్యువల్ గేర్లే లేకుండా పోయాయి. ఒక్కొక్క మెట్టూ దిగుతూ ఒక్కొక్కటి వదులుకుంటూ వచ్చారు. హైడ్రాలిక్ స్టీరింగ్, టర్బో లేని ఇంజిన్, మాన్యువల్ గేర్లు మూడూ ఉండి, బేరింగు భయం లేని మామూలు కరెరా నాలుగేళ్లపాటు మాత్రమే వచ్చింది. నీ ప్రకటనలోది వాటిలో ఒకటి.

ఈ లెక్క బెడిసికొట్టే సందర్భం కూడా ఉంది, అదీ ఇదే కంపెనీలో. 2013లో వచ్చిన 991 జీటీ3ని ఆటోమేటిక్ గేరుబాక్సుతో మాత్రమే అమ్మారు. మాన్యువల్ కావాలనేవాళ్లు గోలపెట్టారు. 2016లో 911 ఆర్ అనే కారును, 500 గుర్రాల (హార్స్‌పవర్) నాలుగు లీటర్ల ఇంజిన్, ఆరు మాన్యువల్ గేర్లతో, సరిగ్గా 991 కార్లు మాత్రమే చేసి అమ్మారు. కొన్నవాళ్లలో కొందరు నడపకుండానే అమ్మకానికి పెట్టారు; చెప్పిన ధర కొత్త ధరకు ఎన్నో రెట్లు. ఇక ఇలాంటిది రాదని అందరి నమ్మకం. 2017 మార్చిలో జెనీవా ప్రదర్శనలో కొత్త జీటీ3ని చూపించి, అడిగినవాళ్లకు మాన్యువల్ గేర్లు కూడా ఇస్తామన్నారు. ఆ ఏడాదే వెనక రెక్క లేని టూరింగ్ కూడా వచ్చింది. చూడటానికి ఆర్‌కు తోబుట్టువే. దాంతో ఆర్ ధర గాలి తీసిన ట్యూబులా దిగింది. ఇప్పటికీ అసలు ధరకు పైనే ఉందనుకో, కాని శిఖరం మీద కొన్నవాళ్లు శిఖరం మీదే మిగిలారు. వదిలేసినదాన్ని కంపెనీ మళ్లీ తేగలదు. ఒక్క ఖరీదైన మోడల్‌లో మాన్యువల్ తేవడం తేలిక. టర్బో లేని ఇంజిన్‌నూ, హైడ్రాలిక్ స్టీరింగ్‌నూ మామూలు కరెరాలోకి తిరిగి తేవడం ఇప్పటి పొగ నిబంధనల మధ్య తేలిక కాదు. నీ కారు విషయంలో నాకున్న ధైర్యం అంతవరకే.

ఎం3 కథ కూడా ఇటువంటిదే. మొదటి ఎం3, అంటే 1986లో వచ్చిన ‘ఈ30’ అనే తరం, గ్రూప్ ఏ రేసుల్లో దిగడానికి ఏడాదిలో ఐదు వేల కార్లు చేయాలన్న నిబంధన కోసం పుట్టింది. నాలుగు సిలిండర్ల ఆ చిన్న కారు ఇప్పుడు చవకగా దొరకదు. రెండోది ఈ36. యూరప్‌లో 286 గుర్రాలున్న దాన్ని మీ అమెరికాకు 240తో పంపారు, అందుకే అక్కడ చాలాకాలం అది చవక ఎం3గానే మిగిలింది. ఈ46లోని ఆరు సిలిండర్ల ఇంజిన్ ఎనిమిది వేల ఆర్‌పీఎం దాకా పాడేది. తరువాతి తరానికి ఎనిమిది సిలిండర్ల వీ8 పెట్టారు. ఎం3 వంశంలో మామూలుగా అమ్మిన వీ8 అదొక్కటే. 2014 నుంచి టర్బో ఆరు సిలిండర్లు.

ఇందులో నువ్వు గమనించవలసినది ఈ46లోని ఎస్ఎంజీ గేరుబాక్సు. క్లచ్ పెడల్ లేకుండా కంప్యూటరే గేరు మార్చే పద్ధతి అది. ఆ రోజుల్లో భవిష్యత్తంటే ఇదేనని దానికి అదనంగా డబ్బు కట్టి మరీ తీసుకున్నారు. ఇప్పుడు అదే కారు, అదే రంగు, అదే మైలేజీ అయినా మాన్యువల్‌దే ఎక్కువ పలుకుతుంది. కొందరు ఎస్ఎంజీ పీకించి మాన్యువల్ పెట్టించుకుంటున్నారు కూడా. నువ్వు చూసిన ఎం3 కాంపిటీషన్ 503 గుర్రాల ఆటోమేటిక్. ఈ తరంలో మాన్యువల్ గేర్లు కాంపిటీషన్‌కు ఇవ్వలేదు, 473 గుర్రాల మామూలు ఎం3కి ఇచ్చారు. కాంపిటీషన్ వేగమైన కారు, రోజూ ఆఫీసుకు నడపడానికి హాయైన కారు, నలుగురు కూర్చునే కారు. కాని అది చేసే పనులన్నీ తరువాతి ఆటోమేటిక్ కారు ఇంకా వేగంగా చేస్తుంది. అది స్ప్లెండర్ దారి. బీఎండబ్ల్యూనే కావాలంటే ఆ బలం తక్కువ మాన్యువల్‌ను వెతకమంటాను.

చట్టం కూడా ధర పెంచగలదు. అమెరికాలో కొత్తగా అమ్మని నిస్సాన్ స్కైలైన్ జీటీఆర్ ఆర్34ను, ఇరవై అయిదేళ్లు నిండితే తప్ప అమెరికాకు మామూలుగా దింపుకోనివ్వరు. మొదటి కార్లకు ఆ గడువు 2024లో తీరింది. అది మన లెక్కకు అందని ధర, వదిలెయ్యి. టైకాన్ వంటి కరెంటు స్పోర్ట్స్ కార్ల వైపు కూడా చూడకు. కొత్త బ్యాటరీ వచ్చినప్పుడల్లా పాతది సెల్‌ఫోనులా ముసలిదవుతుంది.

కొట్టులో కూర్చుని నేర్చుకున్న ఒక్క ముక్క మాత్రం గట్టిగా చెప్పాలి. కారు ధర పడిపోతుంది గాని దాని పార్టు ధర పడిపోదు. 2005లో వచ్చిన బీఎండబ్ల్యూ ఎం5కు పది సిలిండర్లు, 507 గుర్రాలు. అది కొత్తప్పటి ధరలో చిన్న ముక్కకు దిగింది. చవకగా వచ్చిందని కొన్నవాడికి మాత్రం రాడ్ బేరింగులూ, గేరుబాక్సు పంపూ కొత్త కారు యజమానికి చెప్పిన ధరే చెబుతారు. నీ 911కూ అంతే: నీళ్ల పంపు, హై ప్రెషర్ ఫ్యూయల్ పంపు, ఇగ్నిషన్ కాయిళ్లు, డైరెక్ట్ ఇంజెక్షన్ వల్ల వాల్వుల మీద పేరుకునే మసి. వీటికి డబ్బు విడిగా తీసి పెట్టుకోకపోతే, ధర నిలబడినా నువ్వు మిగుల్చుకునేది ఏమీ ఉండదు.

కనుక కారు దగ్గరకు వెళ్లినప్పుడు ఇలా చెయ్యి. ముందు వైపు మూత ఎత్తి, రెండు పక్కలా ఫెండర్లను పట్టి ఉంచే బోల్టుల తలలు చూడు. కంపెనీలో బోల్టు బిగించాకే రంగు వేస్తారు, కనుక పానా పడని బోల్టుకు మూలలు నున్నగా ఉంటాయి. ఒక్కసారి విప్పినా మూల దగ్గర రంగు చిట్లి లోహం సన్నగా మెరుస్తుంది. అలా కనబడితే టింకరింగ్ జరిగిందా, ఎందుకు జరిగింది అని అడుగు. డాలస్‌లో వడగళ్లు కోడిగుడ్లంత పడతాయని నువ్వే చెప్పావు. పైకప్పును పక్క వెలుతురులో చూడు. ఉప్పు చల్లే ఉత్తరాది రాష్ట్రాల్లో తిరిగిన కారయితే కింద తుప్పు చూడకుండా మాట ఇవ్వకు.

ఇంజిన్ కంప్యూటర్‌లోంచి ఓవర్ రెవ్ రిపోర్టు తీయించు. అయిదో గేరు నుంచి నాలుగుకు బదులు పొరపాటున రెండులో వేస్తే ఇంజిన్ తాను తిరగకూడనంత తిరుగుతుంది. ఆ మాన్యువల్ కారు కంప్యూటర్ దాన్ని ఆరు శ్రేణులుగా, ఎన్నిసార్లు, ఇంజిన్ ఎన్ని గంటలప్పుడు అన్న లెక్కతో రాసి పెట్టుకుంటుంది. కింది శ్రేణుల్లో అంకెలుంటే ఫరవాలేదు. నాలుగో శ్రేణిలో గాని ఆ పైన గాని, అదీ ఈ మధ్య గంటల్లో ఉంటే, ధర ఎంత తగ్గించినా లేచి వచ్చెయ్యి. సర్వీసు రసీదుల తేదీలనూ మైళ్లనూ వరసగా కాగితం మీద రాసుకో. మధ్యలో రెండేళ్లు ఖాళీ ఉంటే అడుగు.

రిపోర్టునూ రసీదులనూ బోల్టుల ఫోటోలనూ వాట్సాప్‌లో పంపు, ఆ తరువాతే బయానా. ఫోటో తీసేటప్పుడు ఫ్లాష్ వెయ్యకు; టార్చిని పక్క నుంచి కొట్టి తియ్యి, రంగు చిట్లిందో లేదో అప్పుడే కనబడుతుంది.

ఇట్లు,
నాన్న