ఆదివారం టికెట్ అమ్మేయకు

ఇర్వింగ్
2023 అక్టోబర్ 21, శనివారం

చిన్నా,

ఆదివారం హ్యూస్టన్‌లో మన టెక్సస్ రేంజర్స్‌కీ అక్కడి ఆస్ట్రోస్‌కీ జరిగే ఆరో బేస్‌బాల్ ఆట టికెట్ అమ్మేస్తానన్నావని నాన్న చెప్పారు. అమ్మేయకు. ఫోన్లో అయితే నన్ను సగం మాట కూడా పూర్తి చెయ్యనివ్వవు, అందుకే తీరిగ్గా కూర్చుని మెయిల్ రాస్తున్నా.

నిన్న ఐదో ఆట ఓడాక నీకెంత బాధేసిందో నాకు తెలుసు. ఆరో ఇన్నింగ్‌లో మన గార్సియా, ఆస్ట్రోస్ పిచర్ (బంతి వేసేవాడు) వెర్లాండర్ బౌలింగ్‌లో బంతిని గోడ దాటించి, మూడు పరుగుల హోమ్ రన్‌తో 4-2 చేసినప్పుడు నేను అరిచిన అరుపుకి పక్కింటావిడ ఫోన్ చేసింది. ఎనిమిదో ఇన్నింగ్‌లో గార్సియాకి బంతి తగలడం, రెండు జట్లూ మైదానంలోకి దూసుకురావడం, అంతసేపు ఆట ఆగిపోవడం... ఆ ఆగడమే మన కొంప ముంచింది. మన పిచర్ లెక్లర్క్ అంతకుముందే మన కష్టకాలం గట్టెక్కించి వెళ్లి కూర్చున్నాడు. గొడవంతా అయ్యి చెయ్యి చల్లబడ్డాక మళ్లీ తొమ్మిదో ఇన్నింగ్‌కి వచ్చాడు. ఒక సింగిల్, ఒక వాక్‌తో ఇద్దరు బేసుల మీదికి చేరారు, ఆ తర్వాత బ్యాటింగ్‌కి ఆస్ట్రోస్ అల్టూవే. బంతి ఎడమవైపు గోడ దాటుతుంటే నాన్న టీవీ రిమోట్ పట్టుకుని అలాగే నిలబడిపోయారు. 5-4తో ఆస్ట్రోస్ గెలిచారు. నాలుగు ఆటలు గెలిచినవాళ్లు వరల్డ్ సిరీస్ ఫైనల్‌కి వెళ్లే ఈ సిరీస్‌లో 3-2తో వెనకబడ్డాం. సొంతూరు ఆర్లింగ్టన్‌లో మూడుకి మూడూ ఓడిపోయాం.

అంత చూశాక కూడా మన పని అయిపోయిందని నాకు అనిపించడం లేదు. ఎందుకో చెప్తా విను.

ఈ జట్టు బయట ఊళ్లలోనే రాటుదేలింది. సెప్టెంబర్ చివర్లో బయల్దేరారు గుర్తుందా? ముందు అనహైమ్, అక్కణ్ణుంచి సియాటిల్. ఆఖరి రోజు 1-0తో ఓడి, ఆస్ట్రోస్‌తో సమానంగా 90 గెలుపులుండి కూడా డివిజన్ టైటిల్ వాళ్లకే వదులుకున్నారు. ఆ దెబ్బతో ఇంటికి కూడా రాకుండా దేశం ఈ చివర నుంచి ఆ చివరికి, టాంపాకి ఎగిరారు. ఎవరైనా డీలా పడతారు. వీళ్లు అక్కడ రెండూ గెలిచారు. బాల్టిమోర్‌లో రెండు, మీ హ్యూస్టన్‌లో రెండు. ఈ పోస్ట్‌సీజన్లో, అంటే సీజన్ తర్వాతి టైటిల్ పోరులో, బయట ఆరు ఆడితే ఆరూ మనవే. ఈ సిరీస్‌లో అయితే ఇప్పటిదాకా సొంతగడ్డ మీద ఎవరూ గెలవనేలేదు. 90 ఆటలు గెలిచిన ఆస్ట్రోస్ ఈ సీజన్లో ఇంట్లో గెలిచింది 39 మాత్రమే, ఓడింది 42. ఆ స్టేడియం వాళ్లకి కోటేమీ కాదు.

అన్నిటికంటే ముఖ్యం, రేపు మన పిచర్ ఎవాల్డి. రెండో ఆటలో ఐదో ఇన్నింగ్ ఒక్కసారి గుర్తు చేసుకో. మూడు బేసుల మీదా ఆస్ట్రోస్ ఆటగాళ్లే ఉన్నారు, ఒక్క అవుట్ కూడా పడలేదు, స్టేడియం హోరెత్తిపోతోంది. అతని ముఖంలో చలనం లేదు. ఒక్క పరుగు కూడా ఇవ్వకుండా ముగ్గుర్నీ పంపించేశాడు. నేను ఆ ఇన్నింగ్ ఇప్పటికీ యూట్యూబ్‌లో చూస్తుంటా. అతను ఆ చుట్టుపక్కలవాడే కదా, హ్యూస్టన్‌కి దక్షిణాన ఆల్విన్‌లో, బేస్‌బాల్ దిగ్గజం నోలన్ రయాన్ చదివిన హైస్కూల్లోనే చదివాడు. ఆ జనం, ఆ అరుపులు అతనికి కొత్త కాదు. అవతల పిచర్ మళ్లీ వాల్డెజే. మొన్న మొదటి ఇన్నింగ్‌లోనే అతని మీద నాలుగు పరుగులు చేశాం.

భయం లేదని అననురా. సెప్టెంబర్‌లో ఇదే ఆస్ట్రోస్ ఆర్లింగ్టన్‌కి వచ్చి మూడు ఆటల్లో 39 పరుగులు బాదిపోయారు. ఆట మధ్యలో దిగే పిచర్లు కూర్చునే మన బుల్‌పెన్ తలుపు తెరుచుకుంటే చాలు, నాకు ఇప్పటికీ టెన్షనే. ఏడో ఆట దాకా వెళ్తే మన పిచర్‌గా షెర్జర్ రావచ్చు. గాయం నుంచి తిరిగొచ్చిన మొదటి ఆటలోనే నాలుగు ఇన్నింగ్స్‌కి ఐదు పరుగులిచ్చాడు. అందుకే రేపు ఎవాల్డి ఆరేడు ఇన్నింగ్స్ లాగాలి, మనవాళ్లు ముందే పెద్ద ఆధిక్యం తెచ్చుకోవాలి. ఒక్క పరుగు తేడాతో తొమ్మిదో ఇన్నింగ్ వద్దు నాకు.

2011 తర్వాత ఈ జట్టు మీద ఆశ పెట్టుకోవడం కష్టమని నువ్వంటావు. సెయింట్ లూయిస్‌లో ఆరో ఆట, వరల్డ్ సిరీస్ గెలుపుకి ఒక్క స్ట్రైక్ దూరం దాకా రెండుసార్లు వెళ్లి రెండుసార్లూ జార్చుకున్నారు. అప్పుడు నువ్వు చిన్నపిల్లాడివి, ఏడుస్తూ నిద్రపోయావు. 1972లో ఆర్లింగ్టన్‌కి వచ్చిన జట్టు, ఇప్పటిదాకా ఒక్క వరల్డ్ సిరీస్ టైటిల్ లేదు. కానీ ఇప్పుడు మన డగౌట్‌లో మేనేజర్‌గా బోచీ ఉన్నాడు. 2010 వరల్డ్ సిరీస్‌లో మనల్ని ఓడించిన జెయింట్స్ మేనేజర్ ఆయనే. 2014లో కాన్సాస్ సిటీకి వెళ్లి, వాళ్ల గడ్డ మీదే ఏడో ఆట గెలిచి వరల్డ్ సిరీస్ ఎత్తుకొచ్చినవాడు. నిన్న ఓడాక కూడా ఆయన కంగారుపడి ఉంటాడని నేననుకోను. రెండేళ్ల కిందట 102 ఆటలు ఓడిన జట్టు ఇవాళ ఇక్కడుంది.

కాబట్టి నువ్వు వెళ్లు. నీలం చొక్కా వేసుకునే వెళ్లు. గార్సియా బ్యాటింగ్‌కి వచ్చినప్పుడల్లా జనం గోల చేస్తారు, నిన్నటి గొడవ ఇంకా పచ్చిగానే ఉంది. నీ పక్కసీటువాళ్లు ఏదో ఒకటి అంటారు. నవ్వి ఊరుకో, మాటకి మాట అనకు. నీ ఫ్రెండ్స్ అందరూ ఆస్ట్రోస్ వాళ్లే కదా, ఆట అయ్యాక కూడా మీరంతా ఒకే కారులో రావాలి.

నాన్న మాత్రం తెల్లవారుజామున మూడున్నరకే లేచి ఇండియా-న్యూజిలాండ్ మ్యాచ్ చూస్తారట. సాయంత్రానికి సోఫాలో నిద్రపోకుండా నేను చూసుకుంటాలే. రేపు దుర్గాష్టమి, పొద్దున గుడికి వెళ్తున్నాం. మొదటి ఇన్నింగ్ అవగానే నాకు మెసేజ్ పెట్టు, వాల్డెజ్ చెయ్యి ఎలా ఉందో అక్కణ్ణుంచి నీకే బాగా తెలుస్తుంది.

సోమవారం దసరా. ఏడో ఆట కూడా ఆ రోజే, ఉంటుందనే నా గట్టి నమ్మకం. సాయంత్రం ఆఫీసు పనేదీ పెట్టుకోకు.

ఆశీస్సులతో,
అమ్మ