ఓట్లప్పుడు మా టెంట్ల కూసున్నోళ్లే ఇయ్యాల మమ్మల్ని "రాజకీయం చేస్తున్నరు" అంటే ఎట్ల సార్? మంత్రి గారికి ఒక ఆశా వర్కర్ బహిరంగ లేఖ

గౌరవనీయులైన రాష్ట్ర వైద్య ఆరోగ్యశాఖ మంత్రి గారికి, వరంగల్ జిల్లా నుంచి ఒక ఆశా వర్కర్ నమస్కరించి రాసేది.

సార్, వినతిపత్రాలు ఇచ్చి ఇచ్చి యాష్టకొచ్చింది. పీహెచ్‌సీల డాక్టర్ గారికి ఇచ్చినం, డీఎంహెచ్‌వో (జిల్లా వైద్యాధికారి) ఆఫీసుల ఇచ్చినం, సోమవారం కలెక్టరాఫీసుల అర్జీలు తీసుకునే ప్రజావాణిల లైన్ల నిలబడి ఇచ్చి రసీదు గూడ తీసుకున్నం. జవాబు లేదు. నెలకు 18 వేల ఫిక్స్‌డ్ వేతనం ఇయ్యాలె అని మేం అడుగుతున్న సంగతి మీకు నేను కొత్తగ చెప్పేదేం లేదు. యూనియన్ పేరు ఎత్తంగనే "మీరు రాజకీయం చేస్తున్నరు" అంటున్నరు చూడుండ్రి, ఆ మాట గురించే ఈ లేఖ.

2023 సెప్టెంబర్ చివర్ల మేం సమ్మెకు దిగినప్పుడు అసెంబ్లీ ఎలక్షన్లు ముంగటనే ఉండె. అప్పుడు మా టెంట్ కాడికి ఎవరు రాలేదు సార్? ఒకళ్ల ఎనక ఒకళ్లు వచ్చిండ్రు, మా పక్కన చాపల మీద కూసున్నరు, మైకు పట్టుకొని అక్కా చెల్లె అన్నరు, మీది న్యాయమైన కోరిక అన్నరు, ఫోటోలు దిగిండ్రు. మేం ఏ పార్టీకి జై కొట్టలే. డిమాండ్ల కాగితం ఒక్కటే, వచ్చిన ప్రతి అభ్యర్థి చేతుల అదే పెట్టినం. నవంబర్ 30న ఓట్లు పడ్డయి, డిసెంబర్ 3న లెక్క తేలింది, ఆ తర్వాత అదే కాగితం పట్టుకొని పోతే గేటు కాన్నే తీసుకొని పంపిస్తున్నరు. ఇగ హైదరాబాద్ ధర్నా అంటే ముందు రోజు రాత్రే పోలీసోళ్లు ఇండ్లకు వస్తున్నరు. ఇండ్ల పిల్లలు భయపడుతున్నరు సార్. మేమేం తప్పు చేసినం?

ఎలక్షన్ల మేం నోరు తెరవొద్దు అంటరు గని, పని చేయనీకి మాత్రం మేమే గావాలె. 2024 మే 13న పార్లమెంటు పోలింగ్ అయింది. మే ఎండలు ఎట్లుంటయో మీకు ఎరుకే, ఆ నెలల మన ఉత్తర తెలంగాణల పొద్దున 10 దాటితే బయటికి రాలేం. పోలింగ్ పొద్దున 7 నుంచి సాయంత్రం 6 దాకా. మందుల డబ్బా, ఓఆర్ఎస్ ప్యాకెట్లు పట్టుకొని బూత్ కాడ కూసున్నం, వికలాంగులను వీల్ చైర్ల తోలుకపోయినం, ముసలోళ్లకు కండ్లు తిరిగితే నీళ్లు తాపినం. లోపట కూసున్న సిబ్బందికి డ్యూటీ పైసలు చేతికొచ్చినయి, మా మండలంల మాకైతే ఒక్క రూపాయి రాలే, అన్నం ప్యాకెట్ గూడ మిగిలితే ఇచ్చిండ్రు. 2025 డిసెంబర్ 11, 14, 17 తారీఖులల్ల పంచాయతీ ఎలక్షన్లు అయితే మళ్ల అదే తీరు. పొద్దుమీకి కౌంటింగ్ అయ్యేదాక ఉండుమన్నరు, చలిల చీకటి పడ్డంక ఆడోళ్లం ఇండ్లకు ఎట్ల పోతమన్నది ఎవలు పట్టించుకోలే.

పంచాయతీ ఎలక్షన్ల సంగతి ఇంకో తీరు సార్, ఇది మీదాక రాదు, అందుకే వివరంగ రాస్తున్న. ఊర్ల ప్రతి ఇల్లు మాకు ఎరుక. ఎవలు గర్భిణి, ఎవలకు షుగరు, ఎవలు టీబీ మందులు మింగుతున్నరు అంతా మా రిజిస్టర్లల్లనే ఉంటది. అందుకే సర్పంచ్‌కు నిలబడ్డోళ్లు అందరు మా ఇంటికే వస్తరు, "నా ఎంబడి రా, నువ్వు చెప్తే ఆడోళ్లు ఇంటరు" అంటరు. పోతే ఇంకో వర్గపోళ్లు కోపానికొస్తరు, పోకపోతే పిలిచినోళ్లు కక్ష కడుతరు. ఆశాను ఎంపిక చేసేటప్పుడు గ్రామసభ మాట ఉంటది కాబట్టి, గెలిచినంక "నిన్ను తీపిచ్చి ఇంకోదాన్ని పెట్టిస్త" అని నోరు చేసుకునేటోళ్లు ఉన్నరు. భర్త లేని ఆడమనిషి, పిల్లలను సదివించుకుంటున్నది, ఆ బెదిరింపుకు ఎట్ల నిలబడాలె? ఆ టైంల మా పక్కన నిలబడేది యూనియన్ ఒక్కటే. అది లేకపోతే ఊరికో నాయకుని ఎనక మేం జెండా మోసుకుంట తిరిగేటోళ్లం. అసుంటి యూనియన్‌ను రాజకీయం అంటున్నరు.

జీతం అడిగితే మీరు ఉద్యోగులు కాదు, స్వచ్ఛంద కార్యకర్తలు, మీకిచ్చేది పారితోషికం అంటరు. అభ్యర్థికి కాగితం ఇస్తే మాత్రం ఉద్యోగులు లెక్క ఉండాలె, నోరు మెదపొద్దు అంటరు. ఏదో ఒకటి చెప్పుండ్రి సార్. 2013ల సర్కారు, యాజమాన్యాలు, కార్మిక సంఘాలు కలిసి కూసునే ఇండియన్ లేబర్ కాన్ఫరెన్స్ 45వ సమావేశమే మా అసుంటి స్కీం వర్కర్లను కార్మికులుగ గుర్తించాలె అన్నది. 2022ల ప్రపంచ ఆరోగ్య సంస్థ దేశంల ఆశాలందరికీ అవార్డు ఇచ్చింది. అదే ఏడు ఇక్కడ నెలకు 7,500 ఉన్న మా పారితోషికాన్ని 9,750 చేసిండ్రు. అప్పుడు సంతోషపడ్డం. కానీ ఇయ్యాల కిరాయి, గ్యాస్, పిల్లల ఫీజులు, సర్వేలకు తిరిగే ఆటో చార్జీలు, ఫోన్ రీచార్జీ అన్నీ దాంట్లనే ఎట్ల ఎల్లుతది?

దండం పెట్టి అడుగుతున్నం. పోలింగ్ డ్యూటీ ఏస్తే పైసలు, అన్నం, ఇంటికి పోనీకి బండి ఇప్పియ్యుండ్రి. ఊరి నాయకుడు చెప్పిండని ఆశాను తీసెయ్యొద్దని రాతపూర్వకంగ ఆర్డర్ ఇయ్యుండ్రి. మా యూనియన్ వాళ్లను పిలిచి మాట్లాడుండ్రి, అరెస్టులు బంద్ పెట్టుండ్రి. 18 వేల జీవో ఏ తారీఖున ఇస్తరో చెప్పుండ్రి సార్, తారీఖు చెప్తే చాలు, అందాక ఆగుతం.

ఇట్లు
ఒక ఆశా వర్కర్, వరంగల్ జిల్లా